నైట్ డ్యూటీ పిల్లకు నిద్రనిచ్చే హాస్టల్

శ్రీకాకుళం పట్టణంలో మా అమ్మాయి ఉంటున్న ఈ ప్రైవేటు మహిళా హాస్టల్ పేరును యజమానురాలి కోరిక మీద రాయడం లేదు. గదులు ఎలాగూ ఖాళీగా ఉండవు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, మూడేళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) చదివే పిల్లలే ఇక్కడ ఎక్కువ. నేనూ స్టాఫ్ నర్సునే కనుక, గది విస్తీర్ణం, వైఫై వేగం కన్నా, వార్డులో గంటల తరబడి నిలబడి వచ్చిన పిల్ల మనసు ఇక్కడ కుదుటపడుతుందా లేదా అన్నదే ముఖ్యంగా గమనించాను.

నైట్ డ్యూటీ దిగి వచ్చిన పిల్లల గది తలుపు గడియకు ఎర్ర రిబ్బను కడతారు. అది కనిపించినంతసేపూ ఆ వరండాలో బకెట్ల చప్పుడు గానీ, ఫోన్లలో గట్టి మాటలు గానీ వినిపించవు. శరీరం వెలుతురును బట్టి పగలూ రాత్రీ గుర్తిస్తుంది కనుక పగటి నిద్ర రాత్రి నిద్రంత సేపు పట్టదు. అందుకే కిటికీలకు వేసిన మందపాటి తెరలను నేను అలంకారంగా కాక అవసరంగా లెక్కిస్తాను. మధ్యాహ్నం మూడు గంటలకు లేచిన పిల్లకు కూడా పేరు రాసిన క్యారియర్‌లో అన్నం, పప్పు, వేపుడు మూతపెట్టి ఉంటాయి. ఉదయం డ్యూటీకి వెళ్లేవారికి ఆరున్నరకే ఇడ్లీ సిద్ధం చేస్తారు, ఇడ్లీ ఆలస్యమైతే చోడి (రాగి) అంబలి ఇస్తారు. ఖాళీ కడుపుతో వార్డుకు వెళ్లి కళ్లు తిరిగి పడిపోయిన విద్యార్థినులను చూసినదాన్ని కాబట్టి దీని విలువ నాకు తెలుసు.

వార్డెన్ పదవీ విరమణ చేసిన నర్సు. వార్డు శిక్షణలో మొదటిసారి ఒక రోగి మరణాన్ని చూసి వచ్చిన మా అమ్మాయిని ఆవిడ "నర్సువి, ఏడవకూడదు" అని మందలించలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పించుకుని, రెండు ముద్దలు తినిపించి, ఆ రాత్రి ఒక సీనియర్‌ను తోడు పడుకోమన్నారు. సోంపేట, పాతపట్నం వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మొదటి సంవత్సరం పిల్లలకు సాయంత్రం పూట అనాటమీ పాఠాలు విడమరిచి చెప్పేది కూడా ఈ సీనియర్ అక్కలే. తోటివారి ఆసరా ఒత్తిడిని తగ్గిస్తుందని పరిశోధనలు ఎంతగా చెప్పినా, దానికి వేళ, చోటు కల్పించే హాస్టళ్లు తక్కువ. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ సంఖ్య 14416ను నోటీసు బోర్డు మీద కాకుండా స్నానాలగదుల తలుపుల లోపలివైపు అంటించారు; ఎవరి కంటా పడకుండా రాసుకోవచ్చు. ఆ సేవ తెలుగులో, ఉచితంగా, రాత్రింబవళ్లు అందుతుంది.

లోపాలు లేకపోలేదు. మధ్యాహ్నం షిఫ్టు ముగిసేసరికే ఎనిమిది దాటుతుంటే, గేటు కూడా ఎనిమిదికే మూసి, ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ ఇంటికి ఫోన్ చేయించడం పిల్లలను అవమానించడమే. కళాశాల ఇచ్చిన డ్యూటీ చార్టు ఒకటి గేటు దగ్గర పెట్టుకుంటే సరిపోయేదానికి ఈ తతంగం ఎందుకో నాకు అర్థం కాదు. ఎండాకాలంలో నీటి ట్యాంకరు వచ్చేదాకా బట్టలు నానుతూనే ఉంటాయి. గదికి నలుగురు, భోజనంతో కలిపి ఒక్కొక్కరికి నెలకు 5,500 రూపాయలు. ఆ ధరకు నలుగురు ఎక్కువే. రోగుల ఎదుటే విద్యార్థినిని కసిరే బోధకురాలి వల్ల కలిగే నొప్పిని మాత్రం ఏ హాస్టలూ మాన్పలేదు. అది కళాశాలలే సరిచేసుకోవలసిన విషయం.

పిల్లను ఏ హాస్టల్‌లో చేర్పించదలచినా ఒకసారి మధ్యాహ్నం, నైట్ డ్యూటీ పిల్లలు నిద్రపోయే వేళకు వెళ్లి చూడండి. ఇక్కడ అడ్వాన్సు ఒక నెల అద్దె. మధ్యలో ఖాళీ చేస్తే తిరిగి ఇస్తారో లేదో ముందే రాయించుకోవడం మంచిది.