కోనసీమలో కొబ్బరి షెడ్డుకు ప్లాను వేయించడం: ఒక ఫాబ్రికేషన్ సంస్థ పనితీరుపై సమీక్ష

అంబాజీపేట పరిసరాల్లో, పైన అటక మీద కురిడీ కాయ (లోపలి నీరు ఇంకి కొబ్బరి ఎండేవరకు నిల్వ ఉంచే కొబ్బరికాయ) నిల్వకూ కింద లారీ లోడింగుకూ పనికివచ్చే షెడ్డు ఒకటి వేయించదలచి, ప్లాను మొదలు రేకు బిగింపు వరకు తామే చూసుకుంటామనే ఒక స్థానిక ఫాబ్రికేషన్ సంస్థకు మా కుటుంబం పని అప్పగించింది. ఈ సమీక్ష వారి ప్లానింగ్ దశ గురించి మాత్రమే.

వారు వేసేది గోడల మీద కాక స్తంభాల మీద నిలిచే కట్టడం. శుద్ధి చేసిన కర్ర స్తంభాలను నేలలో పాతి, వాటికే ట్రస్సులూ (కప్పును మోసే త్రికోణపు చట్రాలు) అడ్డపట్టీలూ బిగించి రేకు తొడిగే పద్ధతి అమెరికా పొలాల్లో 1930లలో వ్యాపించింది. మన తాటి రాటల పాకది కూడా దాదాపు అదే సూత్రం. ఇక్కడ కర్రకు బదులు గాల్వనైజ్డ్ పైపు వాడతారు.

వారి ఇంజినీరు కొలతలు తీసుకోకముందే స్థలంలో గొయ్యి తవ్వించడం నాకు నచ్చింది. డెల్టా బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. కాలువలు పారుతున్నంత కాలం కొద్ది అడుగుల లోతులోనే ఊట పడుతుంది. తడీ గాలీ రెండూ తగిలే నేలమట్టం దగ్గరే ఇనుమును తుప్పు ముందుగా తింటుంది కనుక, పైపును మట్టిలో పాతకుండా, మురుగు కాలువ పొంగినప్పుడు నీరు నిలిచే మట్టానికి పైవరకు కాంక్రీటు దిమ్మె లేపి, దానికి యాంకర్ బోల్టులతో బేస్ ప్లేటు బిగించాలని సూచించారు. ఆ నీటిమట్టాన్ని ఇరుగుపొరుగు పెద్దలను అడిగి గుర్తు పెట్టుకున్నారు. గోతుల పనిని కాలువలు కట్టేసే వేసవికి పెట్టుకోమన్న సలహా కూడా సరైనదే. అయితే పాతిన స్తంభానికి ఉండే పట్టు ప్లేటు మీద నిలిపిన స్తంభానికి దానంతట అదే రాదు. అందుకు కావలసిన ఐమూల బ్రేసింగును (స్తంభాలు పక్కకు ఒరగకుండా వాటి మధ్య ఏటవాలుగా బిగించే కడ్డీలను) మొదటి డ్రాయింగులో చూపలేదు, అడిగిన తరువాతే చేర్చారు.

గాలి లెక్క మాత్రం మెచ్చుకోదగినది. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ తోటలను ఏం చేసిందో చూసినవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. మన కోస్తాకు డిజైనులో తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. దాని పీడనం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకు సమానం. అర మిల్లీమీటరు రేకు అదే వైశాల్యానికి అయిదు కిలోలు కూడా తూగదు. అందువల్ల ఇటువంటి షెడ్డు కుంగిపోవడం కన్నా ఎగిరిపోవడం తేలిక. దిమ్మె బరువు, స్క్రూల దూరం, ముఖ్యంగా చూరు అంచుల్లో వాటిని దగ్గర చేయడం, అన్నీ ఈ లెక్క నుంచే రాబట్టారు. లారీ షట్టరు ఊడితే గాలి లోపలికి చొరబడి కప్పును కింది నుంచి తోస్తుందని, దాని చట్రాన్ని అదనంగా బలపరిచారు.

లోపం అటక దగ్గర ఉంది. కురిడీ కాయ నెలల తరబడి పైనే ఉంటుంది. ఆ బరువు నిరంతరం మోయవలసినదే. సంస్థ మాత్రం దానిని మామూలు సామాన్ల అటకగా భావించి దూలాలను గీసింది. మా మామయ్యగారు కాయల సంఖ్య, సగటు బరువు రాసి ఇచ్చాక దూలాల మధ్య దూరం తగ్గించారు. కొబ్బరి వ్యాపారానికి నడిబొడ్డున పనిచేసేవారు ఆ ప్రశ్న తామే వేసి ఉండవలసింది. కాయకు గాలి ఆడేందుకు కప్పు శిఖరాన వదిలిన సందు మాత్రం ఆలోచించి పెట్టినదే.

కొటేషను చదరపు అడుగు లెక్కన ఇచ్చారు. పైపు మందం ఎక్కడా రాయలేదు. దానిని మిల్లీమీటర్లలో రాయించుకోవడం, దానిని బరువుతో సరిచూసుకోవడానికి సరుకు దిగేటప్పుడు కాటా చీటీ అడగడం కొనుగోలుదారు బాధ్యతగానే మిగిలింది. పంచాయతీ అనుమతుల జోలికి వారు రారు. డ్రాయింగులు చెప్పిన గడువు కన్నా ఆలస్యంగా వచ్చాయి.

పశువుల పాకకో, ఎరువుల బస్తాలకో అయితే ప్లానుకు వీరికిచ్చే రుసుము దండగ. ఊళ్లోని వెల్డరు చాలు. అటక, లారీ దారి, రేకు కప్పు మూడూ ఒకేచోట కావలసినవారికి ఈ సంస్థను సిఫారసు చేస్తాను. అటక మోయవలసిన బరువును డ్రాయింగు మీద అంకెల్లో రాయించి, సంతకం చేయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.