బ్లైండ్ స్పాట్ కెమెరా: స్క్రీన్ ఎక్కడుంటే మేలు?

బెంజ్ సర్కిల్ దగ్గర ఎడమకు తిరిగేటప్పుడు సందు చూసి దూరే బైకులు అద్దంలో ఒక్కోసారి కనిపించవు. అద్దానికి అందని ఆ పక్క చోటును (బ్లైండ్ స్పాట్) స్క్రీన్‌లో చూపే ఈ కెమెరా అక్కడ నిజంగా అక్కరకొస్తుంది. హ్యుందాయ్ క్రెటా పై వేరియంట్లలో ఇండికేటర్ వేస్తే దృశ్యం స్టీరింగ్ వెనక మీటర్లోనే వస్తుంది. చూపు రోడ్డు మీంచి పెద్దగా కదలదు, నా లెక్కలో ఇదే సరైన చోటు. హోండా ఎలివేట్‌లో ఎడమవైపు మాత్రమే, అదీ మధ్య స్క్రీన్‌లో. కెమెరా దృశ్యం వచ్చేసరికి సరిగ్గా మలుపు దగ్గరే మ్యాప్ మాయం!

కారుతో రాకుండా బయట షాపులో బిగించుకునే కెమెరాకు ఇండికేటర్ వైరు నేరుగా కలిపితే బల్బుతో పాటు బొమ్మా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఆఫ్-డిలే టైమర్ రిలే (బల్బు ఆరినా కాసేపు కెమెరాకు కరెంటు ఆగకుండా చూసే స్విచ్) పెట్టించండి. వెడల్పు లెన్స్‌లో దగ్గరి బండి కూడా దూరంగా కనిపిస్తుంది. బండి ఉందా లేదా అన్నదానికే దీన్ని నమ్మండి, ఎంత దూరమన్నదానికి కాదు. వానలో లెన్స్ మీద చుక్క నిలిస్తే బొమ్మ అలుక్కుపోతుంది. తలుపు అరలో మెత్తటి గుడ్డ ఉంచుకోండి.