మెకాంగ్ వెంట ఫ్రాన్సిస్ గార్నియే దారిలో: సైగాన్ నుంచి హనోయి దాకా

మాది భద్రాచలం పక్క ఊరు. 1860లలో ఇంగ్లీషువారు గోదావరిలోని రాతి అడ్డంకులను దాటించి, మధ్య పరగణాల పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలని తలపెట్టి, చివరకు వదిలేసిన పనుల ఆనవాళ్లను దుమ్ముగూడెం దగ్గర చూస్తూ పెరిగాను. సరిగ్గా అదే కాలంలో ఫ్రెంచివారు మెకాంగ్ నది మీద అంతకంటే పెద్ద ఆశ పెట్టుకున్నారనీ, ఆ ఆశకు ప్రాణం పోసినవాడు ఫ్రాన్సిస్ గార్నియే అనే యువ నౌకాదళ అధికారి అనీ తెలిసిన నాటి నుంచి ఆ నదిని కళ్లారా చూడాలనిపించేది. గత డిసెంబరులో నేనూ నా భార్యా ఇరవై రోజులు కేటాయించుకుని, ఆయన వెళ్లిన వరుసలోనే వియత్నాం దక్షిణాన ఉన్న సైగాన్ (నేటి హో చి మిన్ నగరం) నుంచి పైకి ప్రయాణించాము.

గార్నియే 1839లో సెంట్ ఎతియెన్ పట్టణంలో పుట్టాడు. నౌకాదళంలో చేరి, చైనా మీద దండయాత్రలో పాల్గొని, ఇరవయ్యేళ్లు దాటిన కొద్దికాలానికే సైగాన్‌ను ఆనుకుని ఉన్న చోలాన్‌లో పరిపాలనాధికారి అయ్యాడు. మెకాంగ్ గుండా చైనాలోని యునాన్‌కు వర్తక మార్గం దొరుకుతుందని పైవారిని ఒప్పించడంలో ముందు నిలిచింది ఆయనే అయినా, వయసు చాలదని నాయకత్వం దూదార్ ద లాగ్రేకి ఇచ్చి, ఈయనను రెండో స్థానంలో ఉంచారు. 1866 జూన్ 5న బృందం సైగాన్ విడిచింది.

ఆయన జాడ కోసం సైగాన్‌లో రెండు రోజులకు మించి ఉండనవసరం లేదు. నాటకశాల ముందున్న కూడలికి ఒకప్పుడు ఆయన పేరుండేది, ఇప్పుడు లేదు. చోలాన్ మాత్రం నేటికీ చీనా వర్తకుల పేటే. ఉదయం పూట నడిచి తిరగడానికి బాగుంటుంది. నగరం నడిబొడ్డున మేము దిగిన చిన్న హోటల్ శుభ్రంగా ఉంది, అడిగితే ఉదయం గుడ్డు కూడా లేని శాకాహారం వండి పెట్టారు. అక్కడి నుంచి కంబోడియా రాజధాని నోంపెన్‌కు బస్సు సుఖంగానే సాగింది. ఆ తరువాత ఆ దేశపు ఉత్తర సరిహద్దుకు మాట్లాడుకున్న వ్యాను విషయంలోనే ఇబ్బంది పడ్డాము. పన్నెండు మందికి సరిపోయే వాహనంలో పదిహేడు మందిని ఎక్కించారు, సరిహద్దు దాటాక రావలసిన రెండో వ్యాను మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. టికెట్ కొనేటప్పుడే సరిహద్దు అవతల ఎక్కడ ఎక్కించుకుంటారో కాగితం మీద రాయించుకోవడం మంచిది. గార్నియే ఇదే స్తుంగ్ త్రెంగ్ ప్రాంతంలో జ్వరం ముదిరి రోజుల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్నాడని గుర్తొచ్చి, మా కష్టం గురించి ఇంక మాట్లాడుకోలేదు.

లావోస్ దక్షిణపు కొసన నది చీలిపోయి లెక్కలేనన్ని లంకలుగా మారుతుంది. ఆ ప్రాంతాన్ని అక్కడివారు సి ఫాన్ డాన్, అంటే నాలుగు వేల లంకలు అంటారు. ఈ యాత్రలో ఒక్క చోటే చూడగలిగితే ఏది చూడాలని ఎవరైనా అడిగితే, సందేహం లేకుండా ఇదే చెబుతాను. నాకసాంగ్ రేవులో పడవ ఎక్కి డాన్ ఖోన్ లంకకు చేరి, నది ఒడ్డున చెక్క ఇంటిలో నాలుగు రాత్రులు ఉన్నాము. ఫ్యాను, దోమతెర, వసారాలో ఊయల మంచం ఉన్నాయి గానీ వేడినీళ్లు ఒక పూట వస్తే ఇంకో పూట రాలేదు. ఇంటి యజమానురాలు మాత్రం చేపల రసం వేయకుండా కూరలు వండడం ఎలాగో నా భార్య దగ్గర ఓపికగా అడిగి తెలుసుకుని, మరునాటి నుంచి మా కోసం మూకుడు వేరుగా పెట్టింది. బంక అన్నంలో మేము తీసుకెళ్లిన కందిపొడి బాగా కలిసింది. లంకల్లో బ్యాంకు యంత్రాలను నమ్ముకోకుండా లావోస్ డబ్బు అయిన కిప్ నోట్లు ముందే తెచ్చుకోవాలి.

ఖోన్ ఫాఫెంగ్ జలపాతం ఎత్తు ఇరవై మీటర్లే. కానీ నది పది కిలోమీటర్ల వెడల్పున రాళ్ల మధ్య ముక్కలై దూకుతుంటే, ఏ పాయను పట్టుకుని పడవ పైకి వెళ్లగలదో ఎంత సేపు చూసినా కంటికి దొరకదు. గార్నియే బృందం వానాకాలంలో, నది నిండుగా ఉన్నప్పుడు ఇక్కడికి వచ్చింది. సామానంతా భుజాల మీద మోయించి, పైన వేరే పడవలు ఎక్కారు. సైగాన్ నుంచి ఓడలు తిన్నగా చైనాకు వెళ్తాయన్న కల ఇక్కడే చెదిరిందని ఆ రాళ్ల ముందు నిలబడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఫ్రెంచివారు మాత్రం పట్టు వదలక, 1890లలో మేమున్న డాన్ ఖోన్ లంక మీద చిన్న రైలుమార్గం వేసి సరుకులనూ ఓడ భాగాలనూ జలపాతం దాటించారు. సైకిలు అద్దెకు తీసుకుని ఆ పాత కట్ట మీదుగా వెళితే తుప్పు పట్టిన ఇంజనూ, డాన్ డెట్ లంకకు వెళ్లే వంతెనా కనిపిస్తాయి. వంతెన దగ్గర నిలబడి నేను దుమ్ముగూడెం లాకులనే తలచుకున్నాను. సైకిళ్లు పాతవి; బ్రేకులు చూసుకుని తీసుకోవాలి. జలపాతానికి మధ్యాహ్నం కంటే పొద్దున్నే వెళ్లడం మేలు, ఎండ నేరుగా కళ్లలో పడదు.

పాక్సేలో, లావోస్ రాజధాని వియెంటియాన్‌లో ఆగింది బస్సు మారడానికే. వియెంటియాన్ నుంచి లుయాంగ్ ప్రబాంగ్‌కు 2021 డిసెంబరులో మొదలైన రైలు రెండు గంటల్లో చేరుస్తుంది. సమయపాలన, శుభ్రత ఎంత మెచ్చుకున్నా తక్కువే, అయితే స్టేషన్లు ఊళ్లకు దూరం, టికెట్లు త్వరగా అయిపోతాయి. ఆ పట్టాలే ముందుకు సాగి యునాన్ రాజధాని కున్‌మింగ్ చేరతాయి, ఒక్క రోజులో. గార్నియే వాళ్లకు సైగాన్ నుంచి అక్కడికి ఏడాదిన్నర పట్టింది, చెప్పులు అరిగిపోయి చివరి అడవులను వట్టి కాళ్లతో దాటారు.

లుయాంగ్ ప్రబాంగ్‌లో వసతి ఖర్చు లంకల కంటే బాగా ఎక్కువ. పాత పేటలో కాక నామ్ ఖాన్ ఏటి అవతల ఉంటే సగం ధరకు ప్రశాంతమైన గది దొరుకుతుంది. ఆ ఏటి గట్టున, ఊరికి కొంత దూరంలో, 1861లో ఇక్కడే జ్వరంతో చనిపోయిన యాత్రికుడు ఆన్రి మూవో సమాధి ఉంది. 1867లో వచ్చిన లాగ్రే బృందమే దాని మీద మొదటి కట్టడం కట్టించింది. చెట్ల నీడలో మేమిద్దరమే ఉన్నాము. మరుసటి ఏడాది మార్చిలో యునాన్‌లో లాగ్రే కూడా చనిపోతే, గార్నియే ఆ దేహాన్ని అక్కడ వదిలిరాలేక, మోయించుకుని యాంగ్జీ నది మీదుగా సైగాన్ దాకా తెచ్చాడు. ఆయన మీద నాకున్న గౌరవం ముఖ్యంగా ఈ ఒక్క పనికే.

ఆ తరువాతి జీవితం మీద నాకు అంత గౌరవం లేదు, అందుకే హనోయిని కూడా చూడాలనుకున్నాను. మెకాంగ్ దారి కుదరకపోవడంతో ఫ్రెంచివారి చూపు యునాన్ నుంచి వచ్చే ఎర్రనది మీదికి మళ్లింది. 1873లో ఒక ఫ్రెంచి ఆయుధాల వర్తకుడి తగాదా తీర్చడానికని కొద్దిపాటి సైనికులతో హనోయికి పంపితే, గార్నియే నవంబరు 20న కోట మీద దాడి చేసి పట్టుకున్నాడు. గాయపడిన వియత్నాం సేనాని న్యుయెన్ ట్రి ఫూంగ్ శత్రువుల వైద్యాన్ని నిరాకరించి ప్రాణం విడిచాడు. నెల తిరిగేసరికి, డిసెంబరు 21న, వియత్నాం పక్షాన పోరాడుతున్న చీనా దండు అయిన నల్లజెండాల వారిని తరుముతూ కొద్దిమందితో ఊరి బయటికి వెళ్లిన గార్నియే కావ్ జాయ్ దగ్గర ఈటెపోట్లకు చనిపోయాడు. వయసు ముప్పై నాలుగు. ఆ చోట ఇప్పుడు ఎత్తు మీద మెట్రో స్టేషన్, కింద బళ్ల రద్దీ. ప్రత్యేకంగా వెళ్లి చూడవలసినదేమీ లేదు.

వెళ్లవలసింది కోట ఉత్తర ద్వారానికి. గోడ మీద ఫిరంగి గుండ్లు తగిలిన రెండు గుంటలు ఉన్నాయి. మమ్మల్ని తీసుకెళ్లిన గైడు అవి గార్నియే కొట్టినవని చెప్పాడు గానీ, పక్కనే చెక్కిన తేదీ 1882 ఏప్రిల్ 25. అది కోట మీద ఫ్రెంచివారి రెండో దాడి నాటిది. అద్దె గైడు కంటే పలకలు చదువుకుంటూ తిరగడమే నయం. మెట్లెక్కి పైకి వెళితే న్యుయెన్ ట్రి ఫూంగ్‌కూ, 1882లో కోట పడిపోగానే ఉరివేసుకున్న హువాంగ్ జ్యూకూ కలిపి పెట్టిన చిన్న గుడి ఉంది. మేము వెళ్లేసరికి ఒక ముసలావిడ పళ్లు పెట్టి అగరుబత్తీలు వెలిగిస్తోంది. మాకూ చెరొకటి ఇచ్చింది.