సర్వర్ మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఇచ్చేవాళ్లు జాగ్రత్త: మీ కెర్నల్ ఎవరు బిల్డ్ చేశారో ముందు అడగండి

గుంటూరు, విజయవాడల్లో లినక్స్ సర్వర్ కొని, మెయింటెనెన్స్ కూడా అమ్మినవాళ్లకే అప్పగించేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మాది గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఏ రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ గదిలో ఉన్నాయి, ఎవరు ఎంత అద్దె కట్టాలి, అన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి. డిస్కులన్నిటినీ కలిపి నడిపే మా రెయిడ్ కార్డుకు లినక్స్‌తో వచ్చే డ్రైవర్ (ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) సరిపోలేదని సర్వర్ అమ్మిన కంపెనీవాళ్లు కెర్నల్‌ను, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూల ప్రోగ్రామ్‌ను, సోర్స్ కోడ్ నుంచి సొంతంగా బిల్డ్ (తయారు) చేసి పెట్టారు. అది తప్పు కాదు, బాగానే నడిచింది.

ఏప్రిల్‌లో, సరుకు ముమ్మరంగా దిగుతున్న రోజుల్లో కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా ఆగిపోయింది. కరెంటు వచ్చాక సర్వర్ లేవలేదు. రూట్ డిస్క్ (సిస్టమ్ ఉండే డిస్క్) దొరకలేదంటూ కెర్నల్ పానిక్, అంటే కెర్నల్ ముందుకు కదల్లేక ఆగిపోయింది. రెండు రోజులు టిక్కీల లెక్క పుస్తకంలో రాసుకున్నాం. గేటు దగ్గర ఎండలో నిలబడ్డ రైతులకు ఏం చెప్పాలో తెలియక పడిన టెన్షన్ ఎవరికీ రాకూడదు.

వేరే ఇంజనీరు డిస్కులు తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. కంపెనీలో ముగ్గురు అడ్మిన్‌లు వేర్వేరు రోజుల్లో అదే వెర్షన్ కెర్నల్‌ను బిల్డ్ చేసి ఎక్కించారు. కన్ఫిగ్‌లో (బిల్డ్ సెట్టింగుల ఫైల్‌లో) లోకల్‌వెర్షన్ దగ్గర పేరో తేదీయో రాస్తే ఏ బిల్డ్‌కు ఆ పేరు విడిగా వస్తుంది. ముగ్గురూ ఖాళీగా వదిలేశారు. దాంతో రెండోది వచ్చి మొదటిదాని స్థానంలో కూర్చుంది. పాతది డాట్ ఓల్డ్ (.old) పేరుతో ఒక్క కాపీ మిగిలింది, మూడోది ఎక్కించగానే అదీ చెరిగిపోయింది. తర్వాతి రెండింటిలోనూ రెయిడ్ డ్రైవర్ లేదు! రీస్టార్ట్ చేయనంత కాలం మెమరీలో ఉన్న మొదటి కెర్నలే నడుస్తుంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియలేదు.

బిల్డ్ నంబర్ చూద్దామంటే అన్నిటికీ 1 అనే ఉంది. ఆ లెక్క ఏ ఫోల్డర్‌కు ఆ ఫోల్డర్‌లోనే పెరుగుతుంది, వీళ్లు ప్రతిసారీ కొత్త ఫోల్డర్‌లో చేశారు. బిల్డ్ చేసిన యూజర్ పేరు కూడా కెర్నల్‌లోనే ఉంటుంది. అక్కడా అందరి పేరూ రూట్, అంటే ఉమ్మడి అడ్మిన్ ఖాతా!

మీ సర్వర్‌లో ప్రాక్ వెర్షన్ ఫైల్ (/proc/version, నడుస్తున్న కెర్నల్ వివరాలు ఉండేది) తీసి చూపించమని ఈరోజే అడగండి. ఏ బిల్డ్ ఎవరు, ఎందుకు, ఏ కన్ఫిగ్‌తో చేశారో రాసిన రిజిస్టర్ లేకపోతే డబ్బు కట్టకండి. కెర్నల్ మార్చిన ప్రతిసారీ మీ కళ్లముందే రీస్టార్ట్ చేయించండి, నడిచిన పాతదాన్ని బూట్ మెనూలో ఉంచమనండి. లినక్స్ కెర్నల్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు వెర్షన్ 2 కింద వస్తుంది. మనం అడిగితే, బిల్డ్ ఇచ్చినవాళ్లు దాని సోర్స్, బిల్డ్ స్క్రిప్టులు ఇచ్చి తీరాలి.

మేమూ మొదటి బిల్డ్ సోర్స్, కన్ఫిగ్ అడిగాం. అది చేసిన అబ్బాయి ఉద్యోగం మానేశాడట, అవి అతని ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయాయట.