గాజువాక జీసీ సర్వీసు: కాలమ్ మార్చకుండానే కుదిరిన రిటెన్షన్ టైమ్

పరవాడ ఫార్మా సిటీ నుంచి వచ్చే నమూనాలను పరీక్షించే మా చిన్న ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (జీసీ: నమూనాను ఆవిరిగా మార్చి, కాలమ్ అనే సన్నని పొడవైన గొట్టం గుండా పంపి, అందులోని పదార్థాలను విడదీసే పరికరం) రిటెన్షన్ టైమ్‌లు, అంటే ఒక్కో పదార్థం కాలమ్ దాటి రావడానికి పట్టే సమయాలు, అదుపు తప్పినప్పుడు, గాజువాక ఆటోనగర్‌లో ఉన్న ఒక స్వతంత్ర సర్వీసు సంస్థను పిలిపించాము. పరికరాల తయారీదారులతో సంబంధం లేని ఇలాంటి వారిని నమ్మవచ్చా అనే సందేహం విశాఖలోని చాలా ల్యాబ్‌లకు ఉంది కనుక, వారి పనితీరును కొంత వివరంగా రాస్తున్నాను.

మేము చేసేది అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం యుఎస్‌పిలోని 467వ అధ్యాయం ప్రకారం రెసిడ్యువల్ సాల్వెంట్ల పరీక్ష, అంటే మందుల్లో మిగిలిపోయిన ద్రావకాల కొలత. కాలమ్ ఉండే ఓవెన్ 40 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఆగి, ఆపైన నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 240 వరకు వెళ్తుంది. ఉదయం మొదటి ఇంజెక్షన్‌లో మిథనాల్, అసిటోన్, డైక్లోరోమీథేన్ పీకులు (గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరాలు) సరైన సమయానికే వచ్చేవి. రెండో ఇంజెక్షన్ నుంచి సమయానికి ముందే వచ్చేవి. మధ్యాహ్నానికి ఆ తేడా మరింత పెరిగేది. ర్యాంపు (వేడి పెరిగే దశ) మొదలయ్యాక వచ్చే జైలీన్ పీకులు మాత్రం అంతగా కదిలేవి కావు. అంతకుముందు చూసిన మరొక సంస్థవారు కాలమ్ అయిపోయిందని తేల్చి, కొత్తదానికి కొటేషన్ ఇచ్చి వెళ్లారు.

ఈ ఇంజనీరు స్పానర్ పట్టకముందే, "ముందు డెడ్ టైమ్ చూద్దామండీ, కాలమ్ సంగతి తర్వాత" అన్నారు. కాలమ్‌లో నిలవకుండా దాటిపోయే మీథేన్‌ను ఇంజెక్ట్ చేసి అది డిటెక్టర్‌కు చేరే సమయం, అంటే డెడ్ టైమ్, కొలిచారు. 30 మీటర్ల కాలమ్‌లో క్యారియర్ గ్యాస్ (నమూనాను మోసుకెళ్లే వాయువు) సెకనుకు 35 సెంటీమీటర్ల వేగంతో వెళ్తే అది దాదాపు 1.43 నిమిషాలు ఉండాలి. ఉదయమూ మధ్యాహ్నమూ అంతే వచ్చింది. గ్యాస్ ప్రవాహం మారితే మీథేన్‌తో సహా పీకులన్నీ జరుగుతాయని, అప్పుడు సెప్టం (సూది గుచ్చే రబ్బరు బిళ్ల), ఫెర్రూల్ (కాలమ్ జాయింటును బిగించే చిన్న రింగు), ప్రెషర్, సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చిన కాలమ్ పొడవు వెతకాలని, మీథేన్ కదలకుండా మిగిలినవి మాత్రమే జరిగితే అనుమానం ఉష్ణోగ్రత మీదికో కాలమ్ లోపలి పూత మీదికో పోవాలని ఆయన మా కుర్రాళ్లకు ఓపికగా చెప్పారు. 240 డిగ్రీల వద్ద బేస్‌లైన్ (పీకులు లేనప్పటి అడుగు గీత) పెరగలేదు, పీకుల ఆకారమూ చెడలేదు కనుక పూత మీద అనుమానం అక్కడితో తీరింది. చిన్న లీకును ఎలక్ట్రానిక్ ప్రెషర్ కంట్రోల్ కొంతవరకు కప్పిపుచ్చగలదు కాబట్టి జాయింట్లన్నీ లీక్ డిటెక్టర్‌తోనూ పరిశీలించారు. సబ్బు నీళ్లు వాడకపోవడం నాకు నచ్చింది. అవి కాలమ్‌లోకి చేరితే కొత్త తలనొప్పి.

అసలు దోషం ఓవెన్ వెనుక దొరికింది. విడిగా పెట్టిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సాధనం) ప్రకారం, తెర మీద 40 డిగ్రీలు, రెడీ అని కనిపిస్తున్న క్షణంలో కూడా కాలమ్ చుట్టూ ముందటి ఇంజెక్షన్ వేడి ఇంకా దిగుతూనే ఉంది. ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు పెరిగితే పదార్థం కాలమ్‌లో నిలిచే సమయం దాదాపు సగానికి పడిపోతుంది కనుక, ఒక్క డిగ్రీ తేడా అయినా తొలి పీకుల్లో స్పష్టంగా కనబడుతుంది. రాత్రంతా 40 దగ్గరే ఉన్న ఓవెన్‌లో మొదటి ఇంజెక్షన్ ఎందుకు బాగుండేదో దీనితో అర్థమైంది. వేడిగాలిని బయటికి వదిలే ఫ్లాప్ కీలు ఉప్పుగాలికి తుప్పు పట్టి పూర్తిగా తెరుచుకోవడం లేదు; పైగా పరికరం గోడకు మరీ దగ్గరగా ఉంది, మధ్యాహ్నం గది ఏసీ చాలడం లేదు. కీలు మార్చి, పరికరాన్ని ముందుకు జరిపి, అర నిమిషంగా ఉన్న ఈక్విలిబ్రేషన్ సమయాన్ని (ఇంజెక్షన్‌కు ముందు ఓవెన్ వేడి కుదురుకోవడానికి ఇచ్చే వ్యవధిని) పెంచారు. ఈ చివరి మార్పును ఛేంజ్ కంట్రోల్ (మార్పులను నమోదు చేసి ఆమోదించే పద్ధతి) ద్వారానే చేయాలని వారే గుర్తు చేశారు. ప్రస్తుతం తొలి పీకులు ఉదయం, సాయంత్రం ఒకే చోట వస్తున్నాయి.

లోపాలు లేకపోలేదు. సర్వీసు రిపోర్టులో "ఓవెన్ సమస్య సరిచేయబడినది" అన్న ఒక్క వాక్యమే ఉంది; మరమ్మతుకు ముందు కొలిచిన విలువలు అందులో లేవు, థర్మోకపుల్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ మేము పదే పదే అడిగితే గానీ రాలేదు. ఆడిట్లు ఎదుర్కొనే ల్యాబ్‌కు ఇది చిన్న విషయం కాదు. ఎలక్ట్రానిక్ బోర్డుల మరమ్మతు వారు చేయరు, ఆ మాట ముందే చెబుతారు. ఛార్జీ మాత్రం కొత్త కాలమ్ ధర కంటే బాగా తక్కువ. పిలిచేవారు ముందటి, తరువాతి కొలతలను రిపోర్టులో రాయించుకున్నాకే సంతకం చేయడం మంచిది. మేము ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందంలో ఈ షరతును చేర్చమని కోరాము, వారు ఒప్పుకున్నారు.