ఆల్ప్స్‌లో స్కీ ట్రిప్‌కి ఇల్లు బుక్ చేస్తున్నారా? "లిఫ్ట్‌కి 800 మీటర్లు" అంటే నమ్మేయకండి

డబ్బులు కట్టేముందు ఇది చదవండి ఫ్రెండ్స్. మొన్న ఫిబ్రవరిలో ఫాషింగ్ (కార్నివాల్) సెలవలకి మ్యూనిక్ నుంచి ఆస్ట్రియాలో త్సిల్లర్‌టాల్ అనే లోయకి వెళ్లొచ్చాం, నేను, మా ఆయన, పిల్లలిద్దరు, విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మ. అమ్మకి మంచు చూపించాలని రెండేళ్ల నుంచి అనుకుంటున్నాం, వీసా టైంకి వచ్చింది, పిల్లల సెలవలు కలిశాయి, అన్నీ కుదిరాయి, ఇంటి దగ్గరే దెబ్బ తిన్నాం. ఇంటి పేరు, సైట్ పేరు రాయట్లేదు, గొడవ పెట్టుకోవడానికి కాదు ఈ పోస్టు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు, వెజిటేరియన్స్ ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి ప్లీజ్.

లిస్టింగ్‌లో ఏముందంటే స్కీ లిఫ్ట్‌కి (స్కీ చేసేవాళ్లని కొండ మీదకి తీసుకెళ్లేది) 800 మీటర్లు, ఫుల్ కిచెన్, లోయ మొత్తం కనపడే బాల్కనీ. ఏడు రాత్రులకి చివరికి మాకు పడిన అద్దె 1640 యూరోలు. కింద లోయలోని మైర్‌హోఫెన్ ఊళ్లో ఉన్నవి రెండు వేల పైన చెప్తున్నారు, ఇది చవగ్గా దొరికిందని సంబరపడి అక్టోబర్‌లోనే బుక్ చేసేశాను. తీరా వెళ్లాక అర్థమైంది, ఆ 800 మీటర్లు మ్యాప్ మీద స్కేలు పెట్టి తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం. ఇల్లేమో కొండ వాలు మీద పైన ఎక్కడో, లిఫ్టేమో కింద లోయలో, మధ్యలో అంతా అడవి. కారులో వెళ్తే మెలికలు తిరిగి ఐదు కిలోమీటర్లు, ఎదురుగా ఇంకో కారు వస్తే ఎవరో ఒకళ్లు వెనక్కి పోవాల్సిందే, అంత సన్న రోడ్డు.

పైగా మేం వెళ్లింది శనివారం. ఆల్ప్స్‌లో ఎక్కువ ఇళ్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు కదా, ఖాళీ చేసేవాళ్లు, దిగేవాళ్లు అందరూ అదే రోజు రోడ్డు మీద ఉంటారు. మామూలుగా రెండు గంటలు పట్టే దారి ఐదు గంటలు పట్టింది, సరిహద్దులో కూఫ్‌స్టైన్ దగ్గర ఆగాం, త్సిల్లర్‌టాల్ ఎగ్జిట్ దగ్గర మళ్లీ ఆగాం. (కూఫ్‌స్టైన్ జూడ్ ఎగ్జిట్ దాకానే విన్యెట్ (హైవే టోల్ స్టిక్కర్) లేకుండా వెళ్లనిస్తారు, త్సిల్లర్‌టాల్‌కి కావాలి, మా ఆఫీసులో ఒకతను ఇది తెలియక ఫైన్ కట్టాడు.) చేరేసరికి రాత్రి ఏడు దాటింది, దార్లో సూపర్‌మార్కెట్ మూసేశారు, మర్నాడు ఆదివారం, అక్కడ షాపులు తీయరు. వింటర్ టైర్లు ఉన్నా ఆ కొండ రోడ్డు మీద బండి జారిపోతుంటే టైర్లకి మంచు చెయిన్లు వేయక తప్పలేదు. మా ఆయన చీకట్లో మంచులో మోకాళ్ల మీద కూర్చుని చెయిన్లు తగిలిస్తుంటే, అమ్మ శాలువా కప్పుకుని ఫోన్ టార్చి పట్టుకుని నిలబడింది, చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకుంది. డెబ్భై ఏళ్ల మనిషి. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు ఊరుకోదు.

ఇంకో మాట కూడా రాశారు, "స్కీ ఇన్ స్కీ అవుట్" అని, అంటే ఇంటి దగ్గర స్కీలు తగిలించుకుని వెళ్లి మళ్లీ ఇంటి దాకా స్కీ చేస్తూ వచ్చేయొచ్చని. మైర్‌హోఫెన్ సంగతి తెలిసినవాళ్లు ఈ మాట దగ్గరే పట్టేసేవాళ్లు, ఎందుకంటే పెంకెన్ కొండ మీద నుంచి మైర్‌హోఫెన్ ఊళ్లోకి స్కీ చేసుకుంటూ దిగే దారే లేదు, సాయంత్రం అందరూ గొండోలాలోనే (కేబుల్ కార్) దిగాలి. ఎదురుగా ఉన్న ఆహోర్న్ కొండ నుంచి కిందికి పిస్ట్ (స్కీ చేసే దారి) ఉంది, మా ఇల్లు ఆ దారిలో లేదు. ఎవరైనా ఈ మాట రాస్తే ఏ పిస్ట్, ఏ నంబరు, పిల్లలు దిగగలిగే బ్లూ (తేలిక) నా, కష్టమైన రెడ్డా అని అడగండి. నిజంగా ఉంటే నంబరు వెంటనే చెప్తారు.

స్కీబస్ ఉంది, స్కీపాస్ ఉన్నవాళ్లకి ఫ్రీనే, కాకపోతే అది కింద లోయలో తిరుగుతుంది, మా కొండ మీదకి రాదు. రోజూ పొద్దున్నే చెయిన్లు, కింద పార్కింగ్, మళ్లీ సాయంత్రం అదే తంతు. ఇంటి ముందు దారి గడ్డకట్టి అద్దంలా ఉంటే అమ్మ అడుగు బయటపెట్టే ధైర్యం చేయలేదు, మేం కూడా వద్దన్నాం. మంచు చూద్దామని ఏడు వేల కిలోమీటర్లు వచ్చి మూడు రోజులు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఇప్పుడు డబ్బుల సంగతి. 1640 అనేది అద్దె ఒక్కటే. ఎండ్‌రైనిగుంగ్ అని చివర్లో క్లీనింగ్‌కి 140, దుప్పట్లు తువ్వాళ్లకి మనిషికి 20 చొప్పున 100, ఓర్ట్స్‌టాక్సే అని టూరిస్ట్ ట్యాక్స్ పెద్దవాళ్లు ముగ్గురికి రాత్రికి 3 చొప్పున 63, కరెంటు మీటరు చూసి 61. మొత్తం 2004. ఓర్ట్స్‌టాక్సే అందరూ కట్టేదే, దాని మీద నాకు కంప్లైంట్ లేదు, కరెంటు మీటరు సంగతి మాత్రం డబ్బులు కట్టాక పంపిన పద్నాలుగు పేజీల జర్మన్ పీడీఎఫ్‌లో తొమ్మిదో పేజీలో ఉంది.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది, మీరు చేయకండి. సైట్‌లో 30 శాతం కట్టాక ఓనర్ ఆవిడ మెయిల్ పెట్టింది, మిగతాది నేరుగా నా అకౌంట్‌కి వేస్తే సైట్ కమిషన్ మిగులుతుంది, మీకు 5 శాతం తగ్గిస్తా అని. మనకి తగ్గింపు అంటే ఆశే కదా, వేసేశాను, ఆ 1640 అలా తగ్గాక వచ్చిన లెక్కే. తర్వాత దూరం గురించి సైట్ వాళ్లకి కంప్లైంట్ చేస్తే మా ద్వారా కట్టిన దాని వరకే మేం చూడగలం, బయట కట్టింది మీకూ ఓనర్‌కీ మధ్య అన్నారు. అక్కడితో నా చేతులు కట్టేసినట్టు అయిపోయింది. ఎంత తగ్గిస్తామన్నా సైట్ బయట కట్టకండి.

ఫుల్ కిచెన్ అన్నారు కదా అని అమ్మ కుక్కర్, కందిపప్పు, చింతపండు, పోపు డబ్బా అన్నీ సర్దింది. అక్కడున్నది ఇండక్షన్. మనది అల్యూమినియం కుక్కర్, దాని మీద పెడితే వేడే ఎక్కదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్టీల్ గిన్నెలో అన్నం వండి, అది తీసి, కడిగి, మళ్లీ అందులోనే చారు. మొదటి రాత్రి చారుకి ఆవాలు, ఎండుమిర్చి పోపు పెట్టేసరికి స్మోక్ అలారం మోగింది, పక్కింట్లోనే ఉండే ఓనర్ ఆవిడ పరిగెత్తుకొచ్చింది, కిటికీలు తెరిచాం, సారీ చెప్పాం, ఆవిడ కూడా నవ్వుతూనే వెళ్లింది. ఇంటికొచ్చిన పది రోజులకి చూస్తే 300 డిపాజిట్‌లో 180 కోసేసి 120 వేసింది, కారణం ఏంటంటే మసాలా వాసన పోగొట్టడానికి స్పెషల్ క్లీనింగ్ అట. ఘాటు వాసన వచ్చే వంటలు చేయకూడదని అదే పీడీఎఫ్‌లో ఉందట. ఖాళీ చేసేటప్పుడు ఫోటోలు తీశాను గానీ వాసనకి ఫోటో ఎక్కడి నుంచి తెస్తాం. వెళ్లే రోజు ఓనర్‌ని ఇంట్లోకి పిలిచి అన్నీ బాగున్నాయని కాగితం మీద సంతకం తీసుకోండి, నేను అది చేయలేదు.

ఇక తిండి. ఇది రాయడానికే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. నాలుగో రోజు అమ్మని ఎలాగైనా మంచులో నిలబెట్టాలని ఆహోర్న్ గొండోలాలో పైకి తీసుకెళ్లాం. ఒకేసారి 160 మంది పట్టే పెద్ద కేబిన్, స్కీ చేయనివాళ్లకి కూడా టికెట్ ఇస్తారు, దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తులో దిగితే నడవడానికి చదునుగా దారి ఉంటుంది. అమ్మ చిన్నపిల్లలా మంచు చేతుల్లోకి తీసుకుంది, అక్కడిదాకా ఎంతో బాగుంది. పులిహోర డబ్బా తెచ్చుకున్నాం, హ్యుట్టెలో (కొండ మీది హోటల్) బయటి తిండి తినకూడదని బోర్డు ఉంది, అమ్మకి చలి, లోపలే కూర్చోవాలి. మెనూలో కాస్‌ప్రెస్‌క్నోడెల్ సుప్పె కనపడింది. చీజు, బ్రెడ్డు కలిపి నొక్కి వేయించిన వడ లాంటిది సూప్‌లో వేసి ఇస్తారు, మాంసం లేదని ఫోన్‌లో చూసి ఆర్డర్ చేశాను. అమ్మ పైన చల్లిన ఉల్లికాడలు పక్కకి జరిపి రెండు చెంచాలు తాగింది, "ఏం సూపే ఇది, ఏదో వేరే రుచిగా ఉంది" అంది. నేను లేచి కౌంటర్ దగ్గర అడిగాను. క్నోడెల్ వెజిటేరియనే, సూపు మాత్రం రిండ్‌సుప్పె అన్నాడు. రిండ్ అంటే గొడ్డు మాంసం. ఎముకలు ఉడకబెట్టిన నీళ్లు.

అమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు, నా మొహం చూసి ఆవిడకే అర్థమైంది. చెంచా పక్కన పెట్టి, బయటకెళ్లి, గుప్పెడు మంచు నోట్లో వేసుకుని పుక్కిలించింది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. తప్పు వాళ్లది కాదు, అక్కడ సూప్ అంటే మామూలుగా అదే, తప్పు నాది, అడగలేదు. అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఫ్రిటాటెన్‌సుప్పె అని అట్టు ముక్కలు వేసి ఇచ్చేది కూడా అదే గొడ్డు మాంసం నీళ్లే. గ్రోస్ట్ల్ అంటే ఆలూ వేపుడులా కనిపిస్తుంది, అందులో ష్పెక్ అంటే పంది మాంసం ఉంటుంది. ష్పెక్‌క్నోడెల్ కూడా అంతే. నాన్‌వెజ్ తిన్నా బీఫ్ తినని వాళ్లు ఇంకో సంగతి గుర్తు పెట్టుకోండి, ఆస్ట్రియాలో వీనర్ ష్నిట్సెల్ అని ఊరికే రాస్తే అది దూడ మాంసం, పందిది అయితే ఫోమ్ ష్వైన్ అని రాస్తారు, చాలామంది పిల్లలకి చికెన్ అనుకుని ఆర్డర్ చేసేస్తారు. చికెన్ కావాలంటే హూన్ అని, టర్కీ అయితే పూటె అని రాసుందేమో చూడండి. కేజ్‌ష్పెట్స్లె (చీజు వేసిన నూడుల్స్ లాంటిది) మాంసం లేకుండా దొరుకుతుంది, అందులో గుడ్డు ఉంటుంది. కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కల్లోనూ గుడ్డే. అమ్మ గుడ్డు కూడా తినదు కాబట్టి మిగిలింది పొమ్మెస్ (ఫ్రెంచ్ ఫ్రైస్), సలాడ్. అది కూడా ష్పెక్ చల్లకుండా ఇమ్మని విడిగా చెప్పాలి, "ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్, ఓనె రిండ్‌సుప్పె" అని (ఓనె అంటే లేకుండా, ఫ్లైష్ అంటే మాంసం) మూడూ చెప్పండి, వెజిటారిష్ అన్న ఒక్క మాటతో వదిలేయకండి.

మా ఫ్రెండ్ వాళ్లు అదే వారం మైర్‌హోఫెన్ ఊళ్లో, ఆహోర్న్ లిఫ్ట్‌కి నడిచి వెళ్లే దూరంలో, క్లీనింగ్ దుప్పట్లు అన్నీ కలిపి 2150కి ఉన్నారు. మాకు డిపాజిట్ కోతతో కలిపి 2184 పడింది. వాళ్ల అత్తగారు రోజూ తనంతట తాను బేకరీకి నడిచి వెళ్లొచ్చేవారట. పెద్దవాళ్లు ఉంటే కొండ మీద వ్యూ చూసి ఆశపడకండి, లోయలో చదునుగా ఉన్నచోట, స్కీబస్ స్టాపో, త్సిల్లర్‌టాల్ రైలు స్టేషనో దగ్గర్లో తీసుకోండి, యెన్‌బాఖ్ నుంచి మైర్‌హోఫెన్ దాకా ఆ చిన్న రైలు వెళ్తుంది, కారు లేకపోయినా ఇబ్బంది ఉండదు.

ఈస్టర్‌కి హింటర్‌టుక్స్ వైపు వెళ్లేవాళ్లు ఉంటారు, అక్కడ గ్లేసియర్ కాబట్టి అప్పటికీ మంచు ఉంటుంది. ఓనర్‌కి సైట్ చాట్‌లోనే అడగండి, ఫోన్‌లో కాదు: ఇంటి తలుపు దగ్గర నుంచి లిఫ్ట్ దాకా నడిచి ఎన్ని నిమిషాలు, ఇల్లు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంది, అన్నీ కలిపి చివరికి ఎంత కట్టాలి, ఇండియన్ వంట చేసుకోవచ్చా. నేను ఈసారి ముగ్గురు ఓనర్లకి ఇవే పంపాను. ఇద్దరు అదే రోజు లెక్కతో సహా జవాబిచ్చారు, మూడో ఆయన ముందు ఫోన్ చేయండి మాట్లాడుకుందాం అన్నాడు, ఆయన్ని వదిలేశాను.