టెలి మానస్ 14416: పలాస పక్క పల్లె నుంచి ఒక సమీక్ష

జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లే మా పిన్నికి రెండు నెలలుగా సరిగా నిద్ర పట్టకపోవడంతో, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన, ఫోనులో మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలి మానస్ సేవను వాడి చూశాము. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కీలక కేంద్రంగా నడిచే ఈ సేవ పూర్తిగా ఉచితం. 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

"నాకేటి, పిచ్చి పట్టిందనుకున్నావా?" అని ఆవిడ మొదట కోప్పడింది. చివరకు జీడి రసానికి నల్లబడిన వేళ్లతో తన బటన్ల ఫోనులో తానే అంకెలు నొక్కి, తలుపు దగ్గరకు వేసుకుని, అరగంటకు పైగా మాట్లాడింది. ఆకలి గురించీ, చెన్నైకి వలస వెళ్లిన కొడుకు గురించీ అవతలివారు తొందరపెట్టకుండా అడిగారట. ఆసుపత్రి వరుసలో తెలిసినవారు చూస్తారన్న బెంగ లేకపోవడమే, నా దృష్టిలో, ఈ సేవకున్న అసలు బలం. 2024లో యాప్ కూడా వచ్చింది గాని, మా పెద్దవాళ్లకు నంబరే చాలు.

ఇబ్బంది సిగ్నలుతోనే వచ్చింది. కరెంటు పోయిన సాయంత్రం రెండోసారి చేసిన ఫోను మధ్యలో తెగిపోగా, పిన్ని మేడెక్కవలసి వచ్చింది. పక్కింటివారు వడియాలు తీస్తున్న ఆ మేడ మీద మనసు విప్పడం ఎలా? అవసరమైతే ఫోనులో మాట్లాడే కౌన్సెలర్లు మానసిక వైద్యులకు అప్పగిస్తారు, కానీ నేరుగా పరీక్ష చేయాల్సి వస్తే బస్సెక్కక తప్పదు, ఆ రోజు కూలీ పోక తప్పదు.